డిక్కీలో సబ్‌వూఫర్: ప్యానెళ్ళు విరగకుండా తీసి, కిటకిట లేకుండా బిగించడం ఎలా?

కారులో సబ్‌వూఫర్, అంటే బరువైన బాస్ శబ్దాన్ని పలికించే పెద్ద స్పీకరు, పెట్టుకోవాలని మోజుపడేవాళ్ళు నెలల తరబడి తర్జనభర్జన పడేది ఏ కంపెనీది కొనాలి, ఎన్ని అంగుళాలది కొనాలి అనే విషయం మీదే. డబ్బు పెడితే పెట్టె వస్తుంది, యాంప్లిఫయర్ వస్తుంది, వైర్ల కిట్టూ వస్తుంది. బానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఐదారు మీటర్ల లావుపాటి వైరును ఎక్కడా కంటపడకుండా నడిపించడం, అందుకోసం ఊడదీసిన ప్లాస్టిక్ ప్యానెళ్ళను కంపెనీ బిగించినట్టే మళ్ళీ బిగించడం, పనంతా అక్కడుంది. ఊడదీయడం ఎవరికైనా వస్తుంది. తిరిగి పెట్టాక కారు గుంతలో పడినా లోపల ఏదీ నోరెత్తకూడదు.

దుకాణాల్లో ఈ పనిని చకచకా ముగించేస్తారు. చేతకాక కాదు, బయట ఇంకో కారు ఎదురుచూస్తుంటుంది. విరిగిన క్లిప్పుకు బదులు కొత్తది వెతికే తీరిక వాళ్ళకుండదు. పక్కనున్న రెండు క్లిప్పుల మీద భారం వేసి, ప్యానెల్‌ను అరచేత్తో ఒక్క గుద్దు గుద్ది వదిలేస్తారు. మీరే చేసుకుంటే ఒక ఆదివారం పోతుంది, కానీ ప్రతి క్లిప్పూ మీ కళ్ళముందే కూర్చుంటుంది.

విశాఖలో ఉండేవాళ్ళకు ఇంకో చిక్కుంది, ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, సాగర్‌నగర్, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లకు రంగు లేచిన చోటల్లా తుప్పు ఎంత త్వరగా పడుతుందో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ పనిలో కనీసం ఒకచోట రంగు గీకి ఇనుము బయటపెట్టక తప్పదు. కాబట్టి సముద్రం లేని ఊళ్ళలో తీసిన వీడియోలు చూసి మొదలుపెట్టినా, ఇక్కడ ఒకటి రెండు పనులు అదనంగా చేయాలి. అవి ఎక్కడెక్కడో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఇక్కడ రాసింది బ్యాటరీ ముందుండే మామూలు హ్యాచ్‌బ్యాకులకు, చిన్న సెడాన్లకు వర్తిస్తుంది. స్క్రూలు ఎక్కడున్నాయన్నది కారు కారుకూ మారుతుంది, పని వరస మాత్రం దాదాపు ఒకటే.

కొనే ముందు

డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్నా, సెలవు దొరికితే కుటుంబమంతా సామాన్లతో అరకు బయలుదేరే అలవాటు ఉన్నా పెద్ద పెట్టె జోలికి పోకండి. ముందు సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల పలచని సబ్‌వూఫర్లు ఉన్నాయి, యాంప్లిఫయర్ వాటిలోనే ఉంటుంది. వాటికైతే ఈ వ్యాసంలో సగం పని తప్పుతుంది. డిక్కీ ఖాళీగా ఉంటే పది అంగుళాల సీల్డ్ (గాలి రంధ్రం లేని) పెట్టె చాలామందికి సరిపోతుంది. పన్నెండు అంగుళాలది హ్యాచ్‌బ్యాకులో మోగితే వినేది మీరొక్కరే కాదు, ముందువెనక నాలుగు కార్లవాళ్ళు కూడా.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే 1200 వాట్లు, 1500 వాట్లు వంటి అంకెల్ని చూసి మురిసిపోవద్దు. ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు, అదొక్కటే లెక్క. యాంప్లిఫయర్ 300 వాట్ల ఆర్‌ఎంఎస్‌ది అనుకుంటే, దాని సామర్థ్యం 75 శాతం, ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజీ 13.8 అని లెక్కవేస్తే అది బ్యాటరీ నుంచి లాగేది దాదాపు 29 ఆంపియర్లు. దీనికి 8 గేజి రాగి వైరు సరిపోతుంది, అంటే సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు. 500 వాట్లు దాటితే 4 గేజికి వెళ్ళండి, అది 21 చదరపు మిల్లీమీటర్లు.

రాగి వైరు అన్నాను కదా, అక్కడే మోసం జరుగుతుంది. చవక కిట్లలో అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి అమ్ముతారు. అదే లావున్నా కరెంటు మోసే శక్తి తక్కువ, పైగా ఉప్పుగాలికి చివర్లు తెల్లటి పొడిలా రాలతాయి. దుకాణంలోనే ఒక పోగు లాగి బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండిలా మెరిస్తే అది అల్యూమినియం. కొన్ని మంచి వైర్లకు పైనే తగరం పూత ఉంటుంది, అవి బయట తెల్లగా కనిపించి గీకితే లోపల ఎర్రగా ఉంటాయి. సముద్రపు ఊరికి అన్నిటికన్నా మంచివి అవే.

కంపెనీ టచ్‌స్క్రీన్ వెనక యాంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే ఆర్‌సీఏ పిన్నులు చాలా కార్లలో ఉండవు. అందుకని స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే ‘హై లెవెల్ ఇన్‌పుట్’ ఉన్న యాంప్లిఫయర్ కొనండి. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లను కోయకుండా కలిపే ప్లగ్గు) కూడా తెచ్చుకోండి. కంపెనీ వైరింగును ఎక్కడా కోయవద్దు. కోసిన వైరు కనబడితే వారంటీ విషయంలో సర్వీస్ సెంటరువాళ్ళతో వాదించి నెగ్గడం కష్టం.

పనిముట్లలో ప్లాస్టిక్ ప్రై టూల్స్ సెట్టు తప్పనిసరి, ఖరీదు పెద్దగా ఉండదు. ఇనుప స్క్రూ డ్రైవరుతో ప్యానెల్‌ను పైకి లేపారంటే ఆ గాటు కారు అమ్మేదాకా కనబడుతూనే ఉంటుంది. స్టార్ స్క్రూ డ్రైవరు, 10, 12, 14 మి.మీ. సాకెట్లు, టీ-20, టీ-30 టార్క్స్ బిట్లు, మల్టీమీటరు, లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు కళ్ళు) నొక్కే క్రింపింగ్ ప్లయర్, మాస్కింగ్ టేపు, వైరింగుకు చుట్టే గుడ్డ టేపు, కేబుల్ టైలు, ఎమెరీ కాగితం కావాలి. ముఖ్యంగా మీ కారు క్లిప్పులు ఒక పది అదనంగా కొని దగ్గర పెట్టుకోండి. గాజువాక ఆటోనగర్‌లో గానీ, మీకు తెలిసిన విడిభాగాల దుకాణంలో గానీ అడిగేటప్పుడు పేరు చెప్పడంకన్నా ఒక క్లిప్పు ఊడదీసి చేతిలో పట్టుకెళ్ళడం మేలు. కంటికి ఒకేలా కనిపించే క్లిప్పులో తల ఒక మిల్లీమీటరు తేడా ఉంటే చాలు, ప్యానెల్ వదులుగా ఉండిపోతుంది.

చోటు, వేళ

అపార్టుమెంటు సెల్లారైనా, ఇంటి ముందు చెట్టు నీడైనా సరే. బీచ్ రోడ్డు పక్కన నిలిపి మాత్రం ఈ పని పెట్టుకోకండి. తలుపులన్నీ తెరిచి ఉంచాలి, ఇసుక క్లిప్పుల రంధ్రాల్లోకి దూరితే తర్వాత దాని కరకర వినలేం. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట ప్లాస్టిక్ బిరుసుగా ఉంటుంది, క్లిప్పులు ఆ వేళలోనే విరుగుతాయి. కారును కాసేపు ఎండలో ఉంచి, లోపల వెచ్చబడ్డాక మొదలుపెట్టండి. మే నెలలో దీనికి పూర్తిగా ఎదురు. ప్లాస్టిక్ మెత్తగా లొంగుతుంది కానీ లోపల మీరు నిలవలేరు, కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి పది గంటలకల్లా ఊడదీసే పని పూర్తిచేసుకోండి.

ప్రతి ప్యానెల్ తీయకముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో తీసుకోండి. స్క్రూలను ఏ ప్యానెల్‌వి ఆ ప్యానెల్‌కే మాస్కింగ్ టేపుతో అంటించేయండి. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే, సాయంత్రానికి పొడుగు స్క్రూ పొట్టిదాని చోట్లోకి వెళ్ళి వెనకున్న వైరును పొడిచే ప్రమాదం ఉంది.

బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు

బ్యాటరీ నెగటివ్ తీసే ముందు డిక్కీ తలుపు తెరిచిపెట్టండి. చాలా కార్లలో డిక్కీ లాక్ కరెంటుతోనే తెరుచుకుంటుంది. బ్యాటరీ తీశాక అది మూతపడితే వెనక సీటు మడిచి లోపలికి పాకాలి. తాళంచెవి కారులో వదలవద్దు, జేబులో ఉండనివ్వండి.

10 మి.మీ. పానాతో నెగటివ్ క్లాంపు విప్పి, అది తిరిగి బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచండి. ఆ తర్వాత ఐదు నిమిషాలైనా ఆగి గానీ ప్యానెళ్ళ మీద చెయ్యి వేయవద్దు. ఎయిర్‌బ్యాగు వ్యవస్థలోని కెపాసిటర్లలో కొద్దిసేపు విద్యుత్తు నిలవ ఉంటుంది. 2019 జులై తర్వాత తయారైన ప్రతి కారులోనూ కనీసం డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉంటుంది. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో అవి సీట్ల పక్కల్లోనూ, తలుపుల పైన పైకప్పు అంచు వెంటా ఉంటాయి. స్తంభాల ప్యానెల్ పైభాగంలో ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు కనిపిస్తే దాన్ని కదపవద్దు. మన వైరుకు పైనున్న ప్యానెళ్ళతో పని లేనే లేదు, అది నేల వెంటే పోతుంది. పసుపుపచ్చ తొడుగున్న వైర్లు, పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని విప్పవద్దు, వాటికి మీ వైరును కట్టవద్దు, మల్టీమీటరుతో పరీక్షించనే వద్దు. మధ్య స్తంభం అడుగున పక్కదెబ్బను పసిగట్టే సెన్సరు ఉండవచ్చు, దాని దగ్గర సుత్తి తగలనివ్వకండి.

ఊడదీసే వరస

మొదట దారి తేల్చుకోండి. బ్యాటరీ ఏ పక్కనుంటే పవర్ వైరు ఆ పక్క గుమ్మం వెంట వెనక్కి వెళ్ళాలి. సిగ్నల్ వైరు రెండో పక్క నుంచి పోవాలి. రెండూ ఒకే సందులో పక్కపక్కన నడిస్తే, యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా స్పీకర్లలో సన్నటి కూత వచ్చే అవకాశం ఎక్కువ.

తలుపు తెరవగానే కాలికింద కనిపించే గుమ్మం పట్టీతో మొదలుపెట్టాలి, స్కఫ్ ప్లేట్ అంటారు దాన్ని. దాని అంచు మీదికి ఎక్కిన రబ్బరు బీడింగును ముందు చేత్తో లాగి వదులు చేయండి, అది లోహపు అంచుకు గుచ్చి ఉంటుంది, అంతే. తర్వాత వెనక చివర నుంచి వేళ్ళు దూర్చి నిటారుగా పైకి లాగండి. టక్కున మొదటి క్లిప్పు ఊడిన చప్పుడుకు గుండె జారుతుంది. భయపడకండి, అది ఊడిన చప్పుడే. విరిగితే వచ్చే చప్పుడు పొడిగా, సన్నగా ఉంటుంది, రెండింటి తేడా మూడో క్లిప్పుకల్లా చెవికి తెలిసిపోతుంది. లాగేటప్పుడు వేళ్ళు క్లిప్పుకు ఆనుకునే ఉండాలి. రెండు క్లిప్పుల మధ్య పట్టుకొని లాగితే పట్టీ విల్లులా వంగి, ఆ వంపు దగ్గర తెల్లటి గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు.

క్లిప్పులు ప్రధానంగా మూడు రకాలు. తాటిమట్ట అంచులా వరసగా పళ్ళుండేవి ఒకటి. వీటిని నిటారుగా లాగాలి, పక్కకు తిప్పితే పళ్ళు తెగుతాయి. రెండోది మధ్యలో చిన్న మేకు ఉండే రకం. కొన్నిటిలో ఆ మేకును పైకి లేపాలి, కొన్నిటిలో లోపలికి కొద్దిగా నొక్కితే క్లిప్పు వదులవుతుంది. ఏదో తేల్చుకోకుండా బలం వాడవద్దు. మేకు తల చుట్టూ గోరు దూరే గాడి ఉంటే అది పైకి లేపేది, చదునుగా ఉంటే చాలావరకు నొక్కేది. మూడోది ఇనుప స్ప్రింగు క్లిప్పు. ప్యానెల్ లాగినప్పుడు ఇది ప్యానెల్‌తో రాకుండా కారు బాడీలోనే ఉండిపోతుంది. దాన్ని పట్టకారుతో లాగి తిరిగి ప్యానెల్‌కు తొడగాలి. ఈ స్ప్రింగు క్లిప్పులకే మన ఊళ్ళో తుప్పు పడుతుంది. ఎర్రగా ఉన్నవాటిని కనికరం చూపకుండా మార్చేయండి.

గుమ్మం పట్టీ వచ్చాక దాని ముందున్న చిన్న ప్యానెల్, అంటే ముందు కూర్చున్నవాళ్ళ పాదం పక్కన ఉండేది తీయాలి. దానికి ప్లాస్టిక్ నట్టు ఒకటి గానీ, మేకు క్లిప్పు ఒకటి గానీ ఉంటుంది. అది విప్పి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. డ్రైవరు పక్కనైతే బానెట్ తెరిచే మీట చాలా కార్లలో అక్కడే ఉంటుంది. మీట స్క్రూ విప్పకుండా లాగితే ప్యానెల్ బదులు దాని కేబులు చేతికొస్తుంది.

మధ్య స్తంభం కింది భాగం మొత్తం తీయనక్కర్లేదు. సీటు బెల్టు అందులోంచే వెళుతుంది, దాన్ని పూర్తిగా తీయాలంటే బెల్టు బోల్టు విప్పాలి. విప్పవద్దనే నా సలహా. ఆ బోల్టును నిర్ణీత బలంతో బిగించాలి, అందుకు టార్క్ రెంచి కావాలి. ప్రాణం కాపాడే బోల్టు మీద పాటకోసం ప్రయోగాలెందుకు? కింది అంచు రెండు వేళ్ళ మందం లేస్తే వైరు దూరిపోతుంది.

వెనక సీటు కూర్చునే దిండు చాలా హ్యాచ్‌బ్యాకుల్లో ముందు అంచున రెండు కొక్కేలతో ఉంటుంది. ఒక కొక్కెం దగ్గర రెండు చేతులూ పెట్టి నిటారుగా పైకి లాగండి, తర్వాత రెండోది. కొన్నిటిలో వెనకవైపు బోల్టు ఉంటుంది. దిండు పైకొచ్చాక బెల్టు బకిల్స్ అందులోంచి జారి కిందికి పోకుండా చూసుకోండి. దిండు కింద చిల్లర పైసలు, మొక్కజొన్న గింజలు, పిల్లల పెన్సిళ్ళు దొరుకుతాయి, అవి మీవే. అక్కడ నేలలో గుండ్రటి మూత కనిపిస్తే, దాని కిందున్నది పెట్రోలు ట్యాంకు. ఆ చుట్టుపక్కల స్క్రూ కొట్టడం, డ్రిల్లు పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

డిక్కీలో వరస తప్పితే పక్క ప్యానెల్ రాదు. తెరుచుకునే తలుపు దగ్గర లాక్ చుట్టూ అడ్డంగా ఉండే ప్లాస్టిక్ పట్టీ ముందు రావాలి, ఎందుకంటే పక్క ప్యానెళ్ళ కొసలు దాని కిందికి దూరి ఉంటాయి. బీడింగు వదులు చేయండి, నేల కార్పెట్ ఎత్తండి, పట్టీని నిటారుగా పైకి లాగండి. తర్వాత పక్క ప్యానెల్. దాని స్క్రూలు చిన్న చదరపు మూతల వెనక దాక్కుంటాయి. ఆ మూతను పల్చటి ప్లాస్టిక్ ముక్కతో ఒక మూల లేపాలి. ఎంతలాగినా ప్యానెల్ రావడం లేదంటే ఇంకో స్క్రూ ఎక్కడో మిగిలిందని అర్థం. బలం పెంచే ముందు టార్చి పెంచండి. డిక్కీ దీపం ఉన్న పక్కైతే దాని కప్లర్ విప్పాకే ప్యానెల్‌ను దూరంగా జరపండి.

ఇంజను గదిలోంచి లోపలికి

ఇంజను గదికీ క్యాబినుకూ మధ్యనున్న ఇనుప గోడలో కంపెనీ వైర్లు వచ్చే పెద్ద రబ్బరు గ్రోమెట్ ఒకటి ఉంటుంది. కొత్తగా రంధ్రం చేయవద్దు. ఆ రబ్బరులో కంపెనీ వైర్ల పక్కన ఖాళీ చోట సన్నటి సూదిమొనతో చిన్న చిల్లు పెట్టండి. గట్టి బైండింగు తీగను ముందుగా క్యాబినులోంచి బయటకు తోసి, దాని కొసకు పవర్ వైరును టేపుతో నున్నగా చుట్టి, సబ్బునీళ్ళు రాసి లోపలికి లాగండి. చిల్లు వైరుకన్నా చిన్నదైతేనే రబ్బరు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ సిలికాన్ సీలెంటు పూయండి. ఇంజను వైపు వైరును గ్రోమెట్‌కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తేవాలి. వాన నీరు వైరు పట్టుకుని జారినా ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతుంది, లోపలికి రాదు. ఈ వంపు లేకపోవడంవల్లే వానాకాలంలో పాదాల దగ్గర కార్పెట్ తడిసిపోయి, మనవాళ్ళు ఏసీ నీరు కారుతోందని అనుకుంటారు.

బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు హోల్డరు ఉండాలి. అది యాంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు, వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కారు తగలబడకుండా ఉండడానికి. 8 గేజి వైరుకు 40 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజును ఇప్పుడే పెట్టవద్దు, అన్నీ అయ్యాకే.

ఇంజను గదిలో వైరుకు ముడతల గొట్టం తొడగండి, ఎగ్జాస్టుకూ తిరిగే బెల్టులకూ దూరంగా కట్టండి. క్యాబినులో గుమ్మం గాడిలో కంపెనీ వైర్ల కట్ట పక్కనే పరిచి, అడుగుకొక గుడ్డ టేపు చుట్టండి. వైరు క్లిప్పు రంధ్రాల మీదుగా పోకూడదు. ఇది మామూలుగా జరిగే పొరపాటు. ప్యానెల్ నొక్కినప్పుడు క్లిప్పు కాలు వైరు మీదే దిగుతుంది. పెడళ్ళ దగ్గర వైరు ఏమాత్రం వేలాడకూడదు. సీటు పట్టాల కిందుగా కూడా తీసుకెళ్ళవద్దు.

ఎర్త్: విశాఖలో అదనపు పని

యాంప్లిఫయర్ ఎర్త్ వైరు, అంటే దాన్ని కారు బాడీకి కలిపే నెగటివ్ వైరు, పవర్ వైరంత లావే ఉండాలి, పొడవు అరమీటరు లోపు. డిక్కీలో బాడీకి గట్టిగా బిగించిన కంపెనీ బోల్టు ఏదైనా వాడుకోవచ్చు, సీటు బెల్టు బోల్టు మాత్రం కాదు. స్టెప్నీ గుంత అడుగు కూడా వద్దు, నీరు చేరేది అక్కడే.

బోల్టు విప్పి, లగ్గు కూర్చునేంత మేర మాత్రమే ఎమెరీ కాగితంతో రంగు గీకండి. లోహం తెల్లగా మెరవాలి. లేత బూడిద రంగులో నిలిచిపోతే అది ప్రైమరు, ఇంకా గీకాలి. గీకిన పొడిని గుడ్డతో తుడిచేయండి, ఆ ఇనుప రజను ఎక్కడ పడితే అక్కడ మూడు రోజుల్లో గోధుమ చుక్కలు తేలతాయి. లగ్గు, పళ్ళ వాషరు, బోల్టు ఆ వరసలో పెట్టి గట్టిగా బిగించండి. బిగించాకే చుట్టూ మిగిలిన మెరుపు మీద జింకు ప్రైమరు, దానిమీద కొద్దిగా వాజిలిన్ గానీ బ్యాటరీ గ్రీజు గానీ పూయండి. ముందే పూస్తే లోహానికీ లోహానికీ మధ్య అది అడ్డవుతుంది. లగ్గు మెడకు జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేయండి. ఉప్పు తేమ రాగిలోకి దూరేది ఆ సందులోంచే, దూరాక వైరు లోలోపలే పచ్చగా చిలుము పట్టిపోతుంది.

మల్టీమీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తాకించి ముందు ఎంత చూపుతోందో గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎర్త్ లగ్గుకూ విప్పి ఉంచిన నెగటివ్ క్లాంపుకూ మధ్య కొలవండి. ఆ రెండింటి తేడా అర ఓముకన్నా తక్కువ ఉండాలి.

ప్యానెళ్ళు మూసే ముందు పరీక్ష

పెట్టెను, యాంప్లిఫయర్‌ను చోటులో ఉంచి సిగ్నల్ వైర్లు కలపండి. నెగటివ్ క్లాంపు బిగించి, చివరగా ఫ్యూజు పెట్టండి. ఎయిర్‌బ్యాగు దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో పసుపు కప్లర్ వదులైందన్నమాట. మళ్ళీ బ్యాటరీ తీసి, ఆగి, వెతకాలి. కిటికీల ఆటో బటన్లు పనిచేయకపోతే కంగారు వద్దు, కారు పుస్తకంలో ఉన్నట్టు ఒకసారి నేర్పితే చాలు.

యాంప్లిఫయర్ గెయిన్ (వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో తేల్చే నాబ్) పూర్తిగా తగ్గించి, బాస్ బూస్ట్ సున్నాలో ఉంచి, లో పాస్ ఫిల్టరు (బరువైన శబ్దాలనే పోనిచ్చేది) 80 హెర్ట్‌జ్ దగ్గర పెట్టండి. స్టీరియో శబ్దం ముప్పావు వంతుకు పెంచి, గెయిన్‌ను మెల్లగా తిప్పుతూ వెళ్ళండి. దెబ్బ స్పష్టత పోయి బరబరలాడిన చోట ఆపి, కాస్త వెనక్కి తిప్పేయండి. ఫేజ్ బటన్ 0, 180 రెండింటిలోనూ విని, డ్రైవరు సీట్లో ఏది బలంగా వినిపిస్తే దాన్ని ఉంచుకోండి.

తిరిగి బిగించడం

తీసిన వరసకు సరిగ్గా ఎదురు వరస. ప్రతి ప్యానెల్‌నూ తిరగేసి, అన్ని క్లిప్పులూ దానికే ఉన్నాయా, బాడీలో ఏదైనా మిగిలిందా చూడండి. వంగినవి, పళ్ళు అరిగినవి మార్చండి. ప్లాస్టిక్ లోహానికి ఒరిసే అంచుల్లో గుడ్డ టేపు ముక్క అంటించండి. ముందు అన్ని క్లిప్పుల మొనలూ రంధ్రాల్లో సరిగా నిలిచాయో లేదో వేలితో తడిమి, అప్పుడు ఒక్కో క్లిప్పు మీద అరచేత్తో నొక్కండి. సరిగా కూర్చున్న క్లిప్పు గట్టిగా, ముద్దగా ఒక చప్పుడు చేస్తుంది. మెత్తగా దిగి మళ్ళీ లేస్తే రంధ్రం తప్పింది, కొట్టకండి, తీసి మళ్ళీ పెట్టండి. చివర్లో బీడింగును ప్యానెల్ అంచు మీదికి ఎక్కించి, వేలితో తలుపు చుట్టూ నొక్కుకుంటూ రండి. బీడింగు పైకి ఎక్కకుండా కింద ఇరుక్కుంటే వానకు నీరు లోపలికే వస్తుంది.

పెట్టెను వదులుగా ఉంచకూడదు. దాని బరువు పది కిలోలు దాటుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే అది వెనక సీటు మీదికి దూకుతుంది. డిక్కీలో సామాను కట్టే కొక్కేలకు రాచెట్ బెల్టుతో బిగించండి. సింహాచలం ఘాట్ రోడ్డు ఒకసారి ఎక్కి దిగితే పెట్టె జరుగుతోందో లేదో మలుపుల్లోనే తేలిపోతుంది.

కిటకిట వేట మాత్రం కారు ఆపే చేయాలి. ఫోనులో 30 నుంచి 80 హెర్ట్‌జ్ వరకు నెమ్మదిగా పెరిగే టోను పెట్టి, ఒకరు లోపల కూర్చుంటే, ఇంకొకరు ఒక్కో ప్యానెల్‌ను అరచేత్తో ఒత్తుతూ తిరగాలి. ఎక్కడ ఒత్తితే చప్పుడు ఆగుతుందో అక్కడ ఫెల్ట్ గానీ స్పాంజి టేపు గానీ కావాలి. చాలామంది లోపలి ప్యానెళ్ళన్నీ మళ్ళీ విప్పి చూసుకున్నాక తెలిసేది ఏమిటంటే, మోగుతున్నది బయటున్న వెనక నంబరు ప్లేటు. దాని వెనక నాలుగు మూలలా స్పాంజి టేపు ముందే అంటించేయండి. తర్వాతి అనుమానం డిక్కీ పైనుండే పార్సిల్ ట్రేది, ఆ తర్వాత జాకీ, పానాల సంచిది.

ఈ టోను పరీక్ష పగటిపూటే పెట్టుకోండి. నివాస ప్రాంతాల్లో చట్టం అనుమతించే శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది తర్వాత 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ముందు నుంచి వెళ్ళేటప్పుడు సబ్‌వూఫర్ తగ్గించమని ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కర్లేదు.

రెండు వారాలు నడిపాక ఎర్త్ బోల్టు, ఫ్యూజు హోల్డరు, బ్యాటరీ లగ్గు ఒకసారి బిగించి చూడండి, కొత్త రాగి ఒత్తిడికి కొద్దిగా అణుగుతుంది. అక్టోబరు, నవంబరు వానలూ తుపాన్లూ వెళ్ళాక ఒకసారి డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంతలో తడి ఉందేమో, ఎర్త్ దగ్గర వాజిలిన్ కింద గోధుమ రంగు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే బోల్టు విప్పి, గీకి, ప్రైమరుతో సహా మళ్ళీ మొదటి నుంచి చేయాలి.